సాపేక్షశోకము: క్రైస్తవ భక్తికవితయందలి నిరీక్షణ, సంతుష్టి

దుఃఖసమయమున విశ్వాసము మనుష్యునకు ఊరట కలిగించుననుట లోకప్రసిద్ధమైన మాట. ఆ ఊరట కవిత్వమున నెట్లు రూపొందును? అది దుఃఖమును ఎదుర్కొని సాధించిన ఊరటయా, దుఃఖమును తప్పించుకొని పోయిన ఊరటయా? ఇది మతాచార్యుల కంటె విమర్శకులకే ఎక్కువగా సంబంధించిన ప్రశ్న. మన విమర్శ క్రైస్తవ వాఙ్మయమును సాధారణముగా రెండు దృష్టులతో చూచినది. ఒకటి భాషాచరిత్ర దృష్టి. మిషనరీల ముద్రణములు, నిఘంటువులు, వ్యాకరణములు దాని విషయములు. రెండవది సంఘచరిత్ర దృష్టి. ఆ వాఙ్మయమును రసదృష్టితో చూచిన నేమి తేలునో పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ పరిశీలనమునకు వలసిన సాధనము మన అలంకారశాస్త్రముననే యున్నది. భరతముని నాట్యశాస్త్ర షష్ఠాధ్యాయమున కరుణ విప్రలంభములకు గల భేదమును చెప్పుచు, కరుణము నిరపేక్షభావమనియు, విప్రలంభము సాపేక్షభావమనియు నిరూపించెను. రెండింటను కన్నీరు కలదు, చింత కలదు, గ్లాని కలదు. బాహ్యలక్షణములను బట్టి చూచినచో రెండును ఒక్కటియే యనిపించును. భేదమంతయు అపేక్షలో నున్నది. మరల కలియుట ఇక లేదన్నప్పుడు శోకము కరుణమగును. కలయిక కలదన్న అపేక్ష తెగనప్పుడు అదే శోకము విప్రలంభమగును. విప్రలంభము శృంగారభేదము గదా, భక్తికి దాని నెట్లు అన్వయింతుమని శంకింపవచ్చును. ఇచట శృంగారమును గ్రహించుట లేదు. అపేక్ష యను భేదకధర్మమును మాత్రమే గ్రహించుచున్నాము. క్రైస్తవ భక్తికవితయందు ఉత్తమమైన భాగము కరుణము గాదు, కేవలశాంతమును గాదు, సాపేక్షశోకమని నా ప్రతిపాదనము.

ముందుగా ఒక పదమును విచారింతము. ఇతరభాషలలోని బైబిలునందు ఆశ యను నర్థము గల పదమున్న చోట్ల తెలుగు బైబిలు ప్రాయికముగా 'నిరీక్షణ' అను మాటను వాడినది. ఇది సామాన్యమైన ఎన్నిక కాదు. మన సాహిత్యమున 'ఆశ'కు మంచిపేరు లేదు. ఆశకు అంతులేదనుట సామెత. ఆశాపాశము జీవుని బంధించునది. వైరాగ్యకవులందరు ఆశను త్రెంచుకొమ్మని బోధించినవారే. అట్టి మాటను మోక్షసాధనముగా చెప్పినచో తెలుగు శ్రోతకు విపరీతార్థమే తోచియుండును. నిరీక్షణ అట్లు గాదు. అందు కోరిక కంటె ఎదురుచూపు ప్రధానము. కోరువానికి తన కోరికయే కేంద్రము. ఎదురుచూచువానికి రావలసినవాడు కేంద్రము.

మూలభాషతో పోల్చినపుడు ఈ ఎన్నిక మరింత సార్థకముగా కనబడును. హెబ్రీ భాషలో ఆశించుట, కనిపెట్టుకొనియుండుట అను రెండర్థములను ఒకే ధాతువు తెలుపును. ఆ ధాతువునకు సంబంధించిన 'తిక్వా' అను నామవాచకము ఆశను చెప్పును. యెహోషువ గ్రంథమున రాహాబు కిటికీకి కట్టిన ఎర్రని త్రాటి విషయమునను ఆ మాటయే ప్రయుక్తమైనది. ఆశ త్రాడగుట మనకును క్రొత్త కాదు. మన ఆశాపాశము మనుష్యుని కట్టివేయు త్రాడు. రాహాబు త్రాడు ఆమె యింటివారిని వినాశమునుండి తప్పించిన త్రాడు. ఒకే ఉపమానము రెండు సంప్రదాయములలో రెండు వైపులకు నడచినది. తెలుగు అనువాదకులు ఆశాపాశమును వదలి నిరీక్షణను గ్రహించుటచే ఈ సంకటమునుండి తప్పించుకొనిరి.

ఇందు మరియొక విశేషము కలదు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక యెనిమిదవ అధ్యాయమున, కంటికి కనబడినదానిని గూర్చి ఆశింపవలసిన పని లేదని వాదించును. ఈ మాట తెలుగున వచ్చినపుడు దానికొక విరోధాభాసచ్ఛాయ యేర్పడినది. ఏలయన నిరీక్షణలోనే ఈక్షణమున్నది, ఎదురుచూపులోనే చూపున్నది. చూడనిదానిని చూచుట యెట్లు? శబరి ఆశ్రమద్వారమున నిలిచి దారివైపు చూచుచున్నపుడు ఆమె కన్నులకు కనబడినది దారియే గాని రాముడు గాడు. ఐనను ఆమె చూచినది రాముని కొరకే. ఎదురుచూచు కన్ను దారిని చూచును, మనస్సు వచ్చువానిని చూచును. అనువాదకులు ఉద్దేశించి చేసినను చేయకున్నను, పౌలు వాదము తెలుగుపదమునందు మూలమున లేని యొక శోభను పొందినది.

ఇక కీర్తనల గ్రంథమును చూతము. అందలి నూటయేబది కీర్తనలలో సుమారు మూడవవంతు విలాపకీర్తనలు. జర్మను పండితుడు హెర్మన్ గుంకెల్ (1862-1932) వీనిని ప్రత్యేక ప్రక్రియగా గుర్తించి వివరించెను. సంబోధనము, మొర, ప్రార్థన, విశ్వాసప్రకటనము, స్తుతిప్రతిజ్ఞ అనునవి ప్రాయికముగా ఇందలి అంగములు. పదుమూడవ కీర్తన దీనికి చక్కని ఉదాహరణము. అది ఆరు వచనముల చిన్నకృతి. ఎంతకాలమను ప్రశ్న మొదటి రెండు వచనములలోనే నాలుగుమారులు వినబడును. కడపటి రెండు వచనములు విశ్వాసముతో, పాటతో ముగియును. ఈ రెండింటి నడుమ ఏమి జరిగినది? శత్రువు నశించెనని గాని, వ్యాధి కుదిరెనని గాని కవి చెప్పలేదు. విలాపకీర్తనలలో కనబడు ఈ ఆకస్మిక పరివర్తనమునకు కారణముగా, మధ్య పురోహితుడు దేవుని అభయవాక్యమును వినిపించెడివాడని 1934లో యోవాఖిమ్ బెగ్రిఖ్ అను పండితుడు ఊహించెను. ఊహ మనోహరమే; కాని కీర్తనపాఠమున ఆ అభయవాక్యము లేదు. సాపేక్షశోకమను దృష్టితో చూచినచో బాహ్యకారణము నూహింపవలసిన యవసరము తగ్గును. ఎంతకాలమని అడుగువాడు, కాలమునకొక యవధి కలదని నమ్మియే అడుగుచున్నాడు. ప్రశ్నలోనే అపేక్ష గర్భితమై యున్నది. కడపటి వచనములు దానిని వెలికి తెచ్చినవే గాని క్రొత్తగా తెచ్చి అతికించినవి కావు.

ఈ సిద్ధాంతమునకు అగ్నిపరీక్ష ఎనుబదియెనిమిదవ కీర్తన. అందు పరివర్తనము లేదు, స్తుతిప్రతిజ్ఞ లేదు. హెబ్రీమూలమున దాని చివరిమాట చీకటిని తెలుపు మాట. మరి ఇది నిరపేక్షమైన కరుణము కాదా? కాదనియే నా యభిప్రాయము. ఆ చీకటిని గూర్చి కవి ఎవరితో చెప్పుచున్నాడో గమనింపవలెను. ఆద్యంతము అతడు దేవునితోనే మాటలాడుచున్నాడు. నీవే నన్నిట్లు చేసితివని నిందించుచున్నను సంబోధనము మానలేదు. నిరపేక్షుడు సంబోధింపడు; స్వగతముగా విలపించును. సంబోధనమున్నంతవరకు అపేక్ష యున్నదనియే గ్రహింపవలెను. ఈ కీర్తనను గ్రంథమునుండి తొలగింపక నిలుపుకొన్న సంప్రదాయమును ప్రశంసింపవలెను. ఊరట దొరకని దినమునకును ప్రార్థనలో చోటున్నదని అది చాటుచున్నది.

దేవుని నిందించుట తెలుగుపాఠకునకు వింత గాదు. గోలకొండ చెరసాలలో నుండి కంచెర్ల గోపన్న, తాను చేయించిన నగల నొక్కొక్కటిగా లెక్కపెట్టి రాముని నిలదీసిన కీర్తనలు నేటికిని మన యిండ్లలో పాడుకొనుచున్నాము. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకశతకము నిందాస్తుతికి పెట్టినది పేరు. ఇవి వ్యక్తివిలాపములు, లేదా ఆత్మీయమైన ఎత్తిపొడుపులు. సమష్టివిలాపమునకును మనకు నిదర్శనములు కలవు. దండయాత్రల కాలమున గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహశతకమున, భల్లా పేరకవి భద్రగిరిశతకమున, దేవుడు ఊరకున్నాడేమని ఆక్రోశించిరి. నలుబదినాలుగవ కీర్తన, డెబ్బదినాలుగవ కీర్తన చదివిన వానికి ఈ శతకములు జ్ఞప్తికి రాక మానవు. భేదమును కలదు. మన నిందాస్తుతిలో నింద స్తుతికి అలంకారము, చమత్కారము దాని ప్రాణము. హెబ్రీ విలాపమున చమత్కారము మిక్కిలి తక్కువ. నింద నిందగనే నిలుచును. ఐనను, తనవాడనుకొన్నవానినే నిలదీయుదురన్న మర్మము రెండు చోట్లను సమానమే.

విలాపవాక్యములను గ్రంథమును ఇచట స్మరింపవలెను. క్రీస్తుపూర్వము 587 ప్రాంతమున యెరూషలేము బబులోనువారి చేత ధ్వంసమైన పిమ్మట పుట్టిన అయిదు విలాపకవితలవి. మొదటి నాలుగును అక్షరమాలాక్రమమున రచింపబడినవి. హెబ్రీ వర్ణములు ఇరువదిరెండు గనుక ఒకటి, రెండు, నాలుగు అధ్యాయములకు ఇరువదిరెండేసి వచనములు. మూడవ అధ్యాయమున ఒక్కొక్క వర్ణమునకు మూడేసి వచనముల చొప్పున అరువదియారు. అయిదవదానికి ఇరువదిరెండు వచనములే యున్నను అక్షరక్రమము లేదు. ఇంతటి విధ్వంసమున కవికి అక్షరనియమమేల? చిత్రకవిత్వము విలాపమునకు తగదని మన లాక్షణికులు ఆక్షేపింపవచ్చును. కాని అన్నియు కూలిపోయిన వేళ అక్షరక్రమమొక్కటియే కవికి మిగిలిన క్రమము. అది శోకమునకు మొదలును తుదియు నిచ్చినది. దేవుని కృపను గూర్చిన నిరీక్షణవాక్యములు గ్రంథాంతమున గాక మూడవ అధ్యాయమధ్యమున, అనగా గ్రంథమునకు నడుమ నున్నవి. వాని తరువాత మరల విలాపమే సాగును. గ్రంథము సందిగ్ధముగనే ముగియును. నిరీక్షణ శోకమునకు ముగింపు కాదు, శోకమధ్యమున నాటిన స్తంభమని ఈ సంవిధానము తెలుపుచున్నది.

యోబు గ్రంథము మనకు హరిశ్చంద్రకథను తలపించును. అచట దేవసన్నిధిని సాతానుతో జరిగిన సంవాదము, ఇచట వసిష్ఠ విశ్వామిత్రుల పంతము. రెండు కథలలోను సజ్జనుని సర్వస్వనాశమునకు అతడెరుగని పైలోకపు మాటయే మూలము. గౌరన ద్విపదలో హరిశ్చంద్రుడు సత్యమున చలింపడు, దైవమును దూరడు. అతని ధీరత్వమంతయు మాట నిలుపుకొనుటలో నున్నది. యోబునకు ఓర్పునకు పేరు వచ్చినను, ఆ ఓర్పు గద్యములోని కథాభాగమునందే స్ఫుటము. నడిమి పద్యభాగమున అతడు వాదించును, తాను పుట్టిన దినమును శపించును, దేవునితో న్యాయమాడగోరును. దినములు నేతగాని నాడెకంటె వడిగా గతించి తిక్వా లేక ముగియుచున్నవని అతడు వాపోయినచోట, ఆశ యనియు నూలుపోగనియు శ్లేష కలదని వ్యాఖ్యాతలు గుర్తించిరి. మిత్రులు మువ్వురు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు మౌనముగా అతనితో కూర్చుండిరి. వారు చేసిన మేలు అదియే. నోరు తెరచిన పిమ్మట వారు చెప్పినవన్నియు ఓదార్పువాక్యములే, శాస్త్రసమ్మతములే. కాని గ్రంథాంతమున దేవుడు, తన్ను గూర్చి యుక్తముగా పలికినది యోబే గాని ఆ మిత్రులు గారని తీర్పు చెప్పును. సులభమైన ఓదార్పునకు పవిత్రగ్రంథమే చెప్పిన తీర్పిది. దుఃఖము ననుభవింపని నిరీక్షణను పరులకు బోధించువారందరు దీనిని చదువుకొనవలెను.

నిరీక్షణనుండి సంతుష్టికి వత్తము. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికను పౌలు బంధకములలో నుండి వ్రాసెను. ఆ చిన్నపత్రికలో సంతోషమను మాట పదేపదే వినబడుట ఆశ్చర్యకరము. నాల్గవ అధ్యాయమున, ఏ స్థితిలోనైనను తృప్తితో నుండుటను తాను నేర్చుకొంటినని అతడు చెప్పును. అచట వాడిన 'ఔతార్కేస్' అను గ్రీకుపదము స్టోయికు తత్త్వజ్ఞులకు ప్రీతిపాత్రమైనది. తనకు తానే చాలినవాడని దాని యర్థము. తెలుగు బైబిలున దీనికి, దీనికి సంబంధించిన పదములకు సంతృప్తి, సంతుష్టి అను మాటలు వచ్చినవి. ఈ మాటలు విన్నంతనే మనకు భగవద్గీత పండ్రెండవ అధ్యాయమున చెప్పిన సతతసంతుష్టుడు స్ఫురించును. పోలిక సత్యమే. కాని పౌలు పదమును గ్రహించి అర్థమును మార్చెను. తన బలము తనది గాదనియు, తన్ను బలపరచువానిదనియు వెంటనే చెప్పెను. అటుపిమ్మట ఎపఫ్రొదితు చేత ఫిలిప్పీయులు పంపిన సాయమునకు కృతజ్ఞత తెలిపెను. తనకు తానే చాలినవాడు ఎవరికిని కృతజ్ఞుడు గానక్కరలేదు. పౌలు సంతుష్టి ఒంటరివాని సంతుష్టి కాదు. ఇచ్చువారును పుచ్చుకొనువారును గల సంఘములోని సంతుష్టి. అతడు దానిని 'నేర్చుకొంటి'ననుట గూడ గమనింపదగినది. అది స్వభావసిద్ధము గాదు, అభ్యాససిద్ధము.

ఈ అభ్యాసక్రమమునే రోమీయుల పత్రిక అయిదవ అధ్యాయమున పౌలు కారణమాలగా కూర్చెను. శ్రమ ఓర్పునకును, ఓర్పు పరీక్షకు నిలిచిన గుణమునకును, ఆ గుణము నిరీక్షణకును హేతువులు. పూర్వపూర్వము ఉత్తరోత్తరమునకు కారణమగుటయే కారణమాలాలంకారమని మన లాక్షణికులు చెప్పిరి. విద్య వినయము నిచ్చునను సుప్రసిద్ధ హితోక్తి ఈ తీరునదే. ఐతే ఆ హితోక్తి విద్యతో మొదలై సుఖముతో ముగియుచుండగా, పౌలు మాల శ్రమతో మొదలై నిరీక్షణతో ముగియుచున్నది. చివరి పుష్పము ఫలము గాదు, ఫలమును గూర్చిన ఎదురుచూపు మాత్రమే. ఇందును సాపేక్షభావమే ప్రధానము.

తెలుగుదేశమున ఈ భావము పాటగా మారిన తీరును చూతము. పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణకులమున పుట్టి, 1833లో క్రైస్తవమును స్వీకరించి, తెలుగు క్రైస్తవకీర్తనకు మార్గదర్శి యయ్యెను. ఆనాడు మతము మారుటయనగా కులమును, బంధువర్గమును పోగొట్టుకొనుటయే. అట్టివాడు కీర్తన వ్రాయబూనినపుడు పడమటి బాణీలను గాక మన రాగతాళములను, పల్లవిచరణముల కట్టడమును గ్రహించెను. 'త్రాహిమాం క్రీస్తునాథ' అను కృతి ప్రారంభమే చూడుడు. శరణాగతులు తరతరములుగా పలికిన సంస్కృతమైన మొర అది; నాథశబ్దమును అట్టిదే. విడిచివచ్చిన యింటిభాషయే క్రొత్తయింట ప్రార్థనభాష యైనది. పోగొట్టుకొన్నదానిలో కొంత ఈ రీతిగా అతనికి మరల దక్కినదనుకొనుట యుక్తము.

'ఆంధ్రక్రైస్తవకీర్తనలు' అను సంపుటమున పాటలకు రాగతాళములు నిర్దేశింపబడినవి. ఈ కీర్తనల ఊరట వానిలోని బోధనమున కంటె పల్లవిలో నెక్కువగా కలదని నా యనుభవము. చరణము దుఃఖమును చెప్పుకొనిపోవును. పల్లవి మరల మరల వచ్చి శరణును జ్ఞాపకము చేయును. నలుబదిరెండు, నలుబదిమూడు కీర్తనలు కలిసి ఒకే కృతియని పండితులు తలంచుటకు ముఖ్యకారణము, వానిలో ఒకే వచనము ముమ్మారు పల్లవివలె తిరిగివచ్చుట. ఆ వచనమున కవి క్రుంగిన తన ప్రాణమునే ప్రశ్నించి నిరీక్షింపుమని హెచ్చరించును. మన పల్లవి చేయు పని యిదియే. మరణము సంభవించిన యింట సమాజము పాడునపుడు గమనించినవారికి ఇది స్పష్టము. ఆప్తులు చరణమధ్యమున గొంతు పూడి ఆగిపోవుదురు. పల్లవిని తక్కినవారు ఎత్తుకొందురు. ఒకని నిరీక్షణ తెగిపోయినచోట పదిమంది దానిని పట్టి నిలుపుదురు. ముద్రితపాఠమును మాత్రమే పరిశీలించు విమర్శకునకు ఈ సంగతి అందదు.

ఇక బలమైన పూర్వపక్షమొకటి కలదు. పేదకు, అంటరానివానిగా ఎంచబడినవానికి సంతుష్టిని బోధించుట అన్యాయమునకు తోడ్పడుట కాదా? ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. 1876-78 నాటి మహాక్షామమున ఒంగోలు ప్రాంతమున పనిచేసిన అమెరికను బాప్టిస్టు జాన్ క్లౌ, ఆకలిగొన్నవారికి ముందు ఓదార్పువాక్యము చెప్పలేదు; బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంతభాగము గుత్తకు తీసుకొని వారికి కూలి చూపెను. అన్నము కొరకు మతము మారిరన్న మాట రాకుండుటకై కరవుకాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. అటుపిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కడ ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ జనులలో మాదిగలు అధికసంఖ్యాకులు. వారికి నిరీక్షణ పరలోకమును గూర్చిన మాట మాత్రమే కాదు. బడి, అక్షరము, పేరు పెట్టి పిలువబడుట మొదలగు ఇహలోకపు గౌరవములు అందు చేరియున్నవి.

ఆ జనసమూహమునకు కవిత్వమున గొంతు నిచ్చినవాడు గుర్రం జాషువ (1895-1971). అతని గబ్బిలము (1941) క్రైస్తవవస్తువు గల కావ్యము గాదు. అందు అరుంధతీసుతుడు కాశీలోని శివునకు గబ్బిలముతో కబురంపును. ఐనను మన విచారమునకు అది మిక్కిలి ముఖ్యము. సందేశకావ్యమునకు మేఘదూతము మొదలు విప్రలంభమే అంగిరసము. జాషువ ఆ ప్రక్రియను గ్రహించి, ప్రియావిరహమున్న చోట ఆకలిని, అవమానమును నిలిపెను. కులబాధను కరుణముగా చెప్పదలచినచో అతనికి వేరు మార్గములుండెను. శ్మశానవాటిపద్యములు వ్రాసిన చేయియే గదా అది. హరిశ్చంద్ర నాటకమున ఆ పద్యములను పాడుకొననివారు లేరు. కాని గబ్బిలమున అతడు సందేశమును ఎన్నుకొనెను. కబురు పంపువాడు బదులు వచ్చునని నమ్మినవాడు. ఆ శోకము సాపేక్షము. అట్టి కవియే 'క్రీస్తుచరిత్ర' వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందెను. దీనులకై దిగివచ్చిన కరుణామూర్తి చరిత్ర వ్రాసిన కవి, దీనుడు దేవుని నిలదీయు కావ్యమును గూడ వ్రాసెననుట మరువరాదు. అతని విశ్వాసము అతని ఆగ్రహమును చల్లార్చలేదు, అతని ఆగ్రహము అతని విశ్వాసమును కాల్చలేదు.

కావున పూర్వపక్షమునకు సమాధానమిది. సంతుష్టి అన్యాయముతో రాజీపడుట యైనచో అది యోబు మిత్రుల మతము, యోబుది గాదు. విలాపమును నోరు నొక్కి పుట్టించిన సంతుష్టి శాంతాభాసమే గాని శాంతము గాదు. మొర పూర్తిగా వినబడిన పిమ్మట, కొన్నియెడల మొరలోనే, అపేక్ష తెగక నిలిచియుండుట నిజమైన నిరీక్షణ. ఆ నిరీక్షణలో దినమొక్కటిగా బ్రదుకుట నేర్చుకొనుట సంతుష్టి. క్రైస్తవకీర్తనల నన్నింటిని ఈ కొలతకు తెచ్చినపుడు కొన్ని తేలిపోవును. మొదటి చరణముననే కన్నీరు తుడిచి ఆనందమునకు పరుగెత్తు పాటలు లేకపోలేదు. అవి భక్తికి లోపము గాకపోవచ్చును గాని కవితకు లోపమే.

నూటముప్పదవ కీర్తనలో కవి తన నిరీక్షణను, తెల్లవారుటకై కనిపెట్టు కావలివాని నిరీక్షణతో పోల్చి, ఆ పోలికను వెంటనే రెండవమారు చెప్పును. పునరుక్తి దోషమని మన శాస్త్రము. కాని రాత్రి కావలి కాచినవానికి తెలియును, ఆ రాత్రి ఒక్కమారు చెప్పిన తీరునది గాదని. కావలివాడు తెల్లవారించలేడు, తెల్లవారుననుటలో అతనికి సందేహమును లేదు. చీకటిని చీకటి యనియే చెప్పి, తూర్పువైపు చూపు మరల్పక నిలిచిన కవితను ఈ వాఙ్మయమున వెదకి చూపుట పరిశోధకుల పని. ఆ పనికి మన రసశాస్త్రము పరాయిది గాదని ఈ చిన్నవ్యాసము కొంతైనను చూపగలిగినచో నా శ్రమ సఫలమైనట్లే.